వర్తూరు కోడి దగ్గర

కన్నడంలో కోడి అంటే చెరువు అలుగు.
కూయదు. పొంగుతుంది.
మధ్యాహ్నం పట్టిన వాన రాత్రికి వెలిసేసరికి
అలుగు కింద నురుగు లేచి
ఇనుప కంచె దాటి, ఫుట్‌పాత్ దాటి
రోడ్డుకు అడ్డంగా పడుకుంది
నడుములోతు తెలుపు.

నా చేతిలో పూవయ్యగారి ఎర్ర కారు.
రెండే సీట్లు. నేలకు జానెడెత్తు.
బలమంతా వెనక చక్రాలకే.
క్లచ్ మార్చాం, వైట్‌ఫీల్డులో అప్పగించి రమ్మన్నాడు
ఓబులయ్య మేస్త్రి.
ఆయన తోలడిప్పుడు. కుడికాలికి మూడే వేళ్లు.
మిగతా రెండూ ద్రాస్ దగ్గర మంచులో వదిలొచ్చాడు,
మిలిటరీ లారీ తోలే రోజుల్లో.

నేను బండి కింద పడుకుని గ్రీజు కొడుతుంటే
పైనుంచి పాఠం కారేది, ఆయిలుతో పాటు:
"రెడ్డెమ్మా, ముందు చక్రాలు దోవ అడుగుతాయి, అంతే.
పని చేసేది ఎనకవి.
ఎనకనుంచి తోసేవోడికి ముందేముందో కనపడదు గదా,
మంచులో ఆడికి నిదానంగా చెప్పుకోవాల.
రెండో గేర్లో కదులు.
బ్రేకనేది ఒకటుందని మర్చిపో.
తోక ఎటు పోతే తల అటే తిప్పు.
బెదిరిన కోడెను గుంజితే ఆగదు,
దానెంబడి రెండడుగులు పోవాల."

నేను నవ్వేదాన్ని.
బెంగుళూరులో మంచేంది మేస్త్రీ,
ఇక్కడ ఐసుండేది చేపల మార్కెట్లోనే.
ఆయన నవ్వేవాడు కాదు.
ఈ సాయంత్రం ఏమీ చెప్పకుండా
డిక్కీలో ఇసక మూట పెట్టాడు
పూవయ్యగారి గోల్ఫు కర్రల పక్కన.

నురుగులోకి దిగాను.
హెడ్‌లైట్లు రెండూ పాలగ్లాసులో మునిగినట్టు.
వైపరు తుడవదు, పూస్తుంది.
మంచుకు వాసనుండదంటారు,
దీనికుంది:
ఎన్ని లక్షల మంది తలంటుకున్న నీళ్లో,
ఎన్ని కంచాలు కడిగిన నీళ్లో,
నిన్న నేనుతికిన నీలం చొక్కా సబ్బు కూడా
ఇందులో ఎక్కడో ఉంటుంది.

ఉన్నట్టుండి ముందొక మనిషి. సగమే.
నడుం కింద నురుగు, భుజాల మీద డెలివరీ పెట్టె,
ఆగిపోయిన బైకును తోస్తున్నాడు.

నా కాలు నన్నడక్కుండా బ్రేకు మీదికి పోయింది.
వెనక చక్రాలు చేయి వదిలేశాయి.
అద్దంలో టీ బంకు, తర్వాత కంచె,
తర్వాత చెరువు,
ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా జరిగిపోతున్నాయి.
వేసిన కాలు తియ్యడం
ఇంత పెద్ద పనని ఎవరూ చెప్పలేదు.
తీశాను.
తోక పోయిన వైపే స్టీరింగు తిప్పాను,
చెరువు వైపే,
ఒళ్లంతా వద్దు వద్దంటుంటే.
డిక్కీలో ఇసక మూట ఒకసారి దొర్లి
ముసలాయన అరుగు మీద చతికిలబడ్డట్టు కూర్చుంది.
బండి నిలదొక్కుకుంది.
కుర్రాడు ఏ భాషలోనో తిట్టాడు.
అద్దాలెక్కించే ఉన్నాయి. అయినా అందింది.

పోర్టికోలో పూవయ్యగారు
కారు చుట్టూ ఒకసారి తిరిగారు.
"ఈ తెల్లదంతా ఏంటమ్మా?"
మంచు సార్ అన్నాను. నవ్వలేదాయన,
టిష్యూతో బానెట్ మీద బొట్టంత తుడిచి
డిక్కీ తెరిచి
"ఈ మూట తీసుకుపో" అన్నారు.

ఆఖరి బస్సు.
మూటకు లగేజీ టిక్కెట్టు కొట్టాడు కండక్టరు.
ఒళ్లో పెట్టుకుంటే ఇసక చెమ్మ
ప్యాంటులోకి మెల్లగా దిగింది.
చేతులు దురద పెడుతున్నాయి, నురుగు తగిలిన చోటల్లా.
వర్తూరు దాటేటప్పుడు బస్సు వేగం తగ్గించలేదు,
తెలుపును రెండు పాయలు చేసి పోయింది
దాని బరువు దానికుంది.

షెడ్డు ముందు ఒంటి బల్బు కింద
మేస్త్రి ఇంకా కూర్చునే ఉన్నాడు.
మూట అందుకున్నాడు. బండి ఎట్లుందని అడగలేదు.
నా చెప్పుల వైపు చూసి
"ఏళ్లున్నాయా?" అన్నాడు.

పదీ ఉన్నాయన్నాను.
"లెక్కబెట్టి చెప్పు."